పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది సరే.. బండి కింద కన్వర్టర్ పనిచేస్తోందా? ఎన్నేళ్లు వస్తుంది? ఎలా పాడవుతుంది?

పెట్రోల్ బంక్ పక్కన ఆగిన చిన్న వ్యాన్. లోపల ఓ కంప్యూటర్, ఓ ప్రింటర్. సైలెన్సర్‌లోకి ఒక పైపు, నంబర్ ప్లేటుకు ఒక ఫొటో.. రెండు నిమిషాల్లో చేతికి కాగితం. చాలామందికి పొల్యూషన్ టెస్ట్ అంటే ఇంతే. ట్రాఫిక్ పోలీసులు ఆపితే చూపించడానికి దాచుకునే పేపర్.

కానీ ఆ పేపర్ మీద పడే అంకెలు ఎలా ఉంటాయో చాలావరకు డిసైడ్ చేసేది కారు కింద ఉండే ఒక స్టీలు డబ్బా. ఇంజిన్‌కీ సైలెన్సర్‌కీ మధ్యలో ఉంటుంది. పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. అది బాగుంటే బయటికొచ్చే పొగలో విషం చాలా తక్కువ. అది నెమ్మదిగా చచ్చిపోతుంటే మాత్రం కారు మామూలుగానే నడుస్తుంది. ఏసీ పనిచేస్తుంది, పికప్ కూడా పెద్దగా తగ్గదు. ఓనర్‌కి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తెలియదు. తెలిసేసరికి షెడ్డులో మెకానిక్ చెప్పే రేటు విని గుండె జారుతుంది.

ఇంతకీ ఆ టెస్టులో ఏం చూస్తారు? ఏం చూడరు? కన్వర్టర్ ఎన్నాళ్లు వస్తుంది? పాడైందని ఎలా తెలుసుకోవాలి?

టెస్టులో చూసేది రెండు వాయువులే

పెట్రోల్ బండికి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా టెస్ట్ చేస్తారు. అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, బండి నిలబడి ఉండగానే. పైపు ద్వారా వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతం ఉంది, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు ఎన్ని పీపీఎం ఉన్నాయి అని మెషిన్ చూస్తుంది.

బీఎస్-2, బీఎస్-3 కాలం కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. బీఎస్-4 కార్లకు ఇది 0.3 శాతం, 200 పీపీఎం. వీటికి ఇంకో మెలిక కూడా ఉంది. ఇంజిన్‌ను దాదాపు 2500 ఆర్‌పీఎం దగ్గర రేస్ చేసి పట్టుకుని మళ్లీ చూడాలి. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం మించకూడదు. దాంతోపాటు లాంబ్డా అనే విలువ 1కి చాలా దగ్గరగా, అంటే 0.97 నుంచి 1.03 మధ్యలో రావాలి.

లాంబ్డా అంటే కంగారు పడక్కర్లేదు. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సరిగ్గా ఆ లెక్కలో గాలి అందితే లాంబ్డా 1. గాలి తక్కువైతే 1 కంటే తగ్గుతుంది, ఎక్కువైతే పెరుగుతుంది. కన్వర్టర్‌కు ఈ లెక్క ప్రాణంతో సమానం. ఎందుకో తర్వాత చూద్దాం.

డీజిల్ బండికి పద్ధతి వేరు. న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కుతారు. బయటికొచ్చే పొగ ఎంత నల్లగా ఉందో, అందులోంచి వెలుతురు ఎంత వెళ్తోందో మెషిన్ కొలుస్తుంది. బీఎస్-4కు ముందు బండ్లకు పరిమితి 2.45, బీఎస్-4 బండ్లకు 1.62.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ రెండు పద్ధతుల్లోనూ నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. నగరాల్లో మధ్యాహ్నం వేళ ఓజోన్ తయారవడానికి, ఊపిరితిత్తులు మంట పెట్టడానికి కారణమయ్యే వాయువులవి. ఇంజిన్ మీద లోడ్ పడ్డప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడే అవి ఎక్కువగా పుడతాయి. నిలబెట్టిన బండిలో ఎలాగూ తక్కువే. కాబట్టి కన్వర్టర్ చేసే మూడు పనుల్లో ఒకదానికి మన దగ్గర అసలు పరీక్షే లేదు. ఇక పాత ప్రమాణాల కార్లలో ట్యూనింగ్ బాగుంటే, కన్వర్టర్ నీరసించిపోయినా పాస్ అయ్యే అవకాశం ఉంది.

పేపర్ మీద పాస్.. రోడ్డు మీద ఫెయిల్

నిలబెట్టి చేసే టెస్టుకూ రోడ్డు మీద నిజానికీ తేడా ఎంత ఉంటుందో ప్రపంచానికి 2015 సెప్టెంబర్‌లో తెలిసింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు ల్యాబ్‌లో టెస్ట్ జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే పద్ధతిగా నడుచుకునేలా సాఫ్ట్‌వేర్ పెట్టారని అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించింది. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితి కంటే 40 రెట్ల దాకా వచ్చాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల బండ్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. దాన్ని పట్టుకున్నది కూడా పెద్ద ల్యాబ్ కాదు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలోని ఒక చిన్న టీమ్ డిక్కీలో మెషిన్ పెట్టుకుని రోడ్డు మీద తిరిగి కొలిచింది. ఆ దెబ్బతోనే రోడ్డు మీద నడుపుతూ కొలిచే పద్ధతికి అన్ని దేశాల్లో ఊపొచ్చింది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రెండో దశ కింద కొత్త కార్ల మోడళ్లకు ఇది తప్పనిసరి అయ్యింది. అయితే అది కంపెనీలు పాస్ కావాల్సిన టెస్ట్. బంక్ పక్కన జరిగేది మాత్రం పాతదే.

మన దగ్గర సమస్య సాఫ్ట్‌వేర్ దాకా కూడా వెళ్లలేదు. ఢిల్లీలో వాహన కాలుష్యంపై కాగ్ ఇచ్చిన రిపోర్టును 2025 ఏప్రిల్‌లో అసెంబ్లీ ముందు పెట్టారు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు పరిమితి దాటినా 1.08 లక్షలకు పైగా బండ్లకు పాస్ సర్టిఫికెట్ ఇచ్చేశారని అందులో తేలింది. ఒకే సెంటర్‌లో ఒకే సమయానికి ఒకటి కంటే ఎక్కువ బండ్లను చెక్ చేసినట్టు నమోదైన కేసులు 7,643. బండి రాకుండానే ఫొటోతో సర్టిఫికెట్ ఇచ్చే చోట్ల గురించి ఎవరైనా చెబితే నవ్వుకునే రోజులు కావివి.

గడువు, జరిమానా.. క్లుప్తంగా

కొత్త బండికి రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి ఏడాది దాకా పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ తర్వాత బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాదికోసారి, అంతకంటే పాతవాటికి ఆరు నెలలకోసారి తీసుకోవాలి. బ్యాటరీతో నడిచే బండ్లకు ఈ గొడవే లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం సర్టిఫికెట్ లేకపోతే రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. లైసెన్స్ మూడు నెలలు పక్కన పెట్టే అధికారమూ ఉంది. స్పాట్‌లో కట్టే మొత్తాన్ని రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు.

ఇన్సూరెన్స్ విషయంలో చాలామందికి అనుమానాలున్నాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయొద్దని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. 2024 జూలైలో ఆ షరతును అదే కోర్టు తొలగించింది. దాని వల్ల లక్షల బండ్లు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండానే రోడ్డెక్కుతున్నాయన్న వాదన కోర్టుకు సబబుగా అనిపించింది. ఇక సర్టిఫికెట్ లేకపోతే యాక్సిడెంట్ క్లెయిమ్ రాదు అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ తప్పు. ఆ సంగతి ఇన్సూరెన్స్ రెగ్యులేటరే 2020లో క్లారిటీ ఇచ్చింది.

డబ్బా లోపల ఏముంది?

కోసి చూస్తే తేనెపట్టులా కనిపిస్తుంది. పింగాణీ లాంటి గట్టి సిరామిక్ దిమ్మె, దాని నిండా సన్నటి నిలువు గదులు. ఒక్కో చదరపు అంగుళానికి 400 నుంచి 600 దాకా ఉంటాయి. ఆ గదుల గోడలకు గరుకు పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం. మూడూ కలిపినా కొన్ని గ్రాములే. పొగ ఆ గోడలను తాకుతూ వెళ్లే క్షణకాలంలో కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని పెట్రోల్ నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా మారిపోతాయి. ఈ మూడో పని రోడియంది.

ఈ లోహాలు పని చేయిస్తాయే తప్ప ఖర్చు కావు. సిద్ధాంతం ప్రకారం కన్వర్టర్‌కు అరుగుదలే ఉండకూడదు. ఆయుష్షు గురించి మాట్లాడుకోవాల్సి రావడానికి కారణం దాని చుట్టూ జరిగేవి.

రెండు షరతులు మాత్రం తప్పవు. ఒకటి, వేడి. సుమారు 250 నుంచి 300 డిగ్రీలు దాటాకే కన్వర్టర్ నిద్ర లేస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో అది ఉన్నా లేనట్టే. రెండోది, ఇందాక చెప్పుకున్న లాంబ్డా. గాలి ఎక్కువైతే రోడియం పని ఆగుతుంది, పెట్రోల్ ఎక్కువైతే మిగతా రెండూ ఆగుతాయి. మూడు పనులూ ఒకేసారి జరగాలంటే లెక్క 1 దగ్గరే ఉండాలి. అందుకే ఆక్సిజన్ సెన్సర్ క్షణక్షణం చూసి ఇంజిన్ కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది.

ఆలోచన పాతదే. ఫ్రాన్స్ నుంచి అమెరికా వెళ్లిన ఇంజినీర్ యూజీన్ హౌడ్రీ 1950లలోనే దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. కానీ అప్పటి పెట్రోల్‌లో సీసం కలిపేవారు. సీసం వెళ్లి లోహం మీద పొరలా కూర్చుంటే కన్వర్టర్ ఖతం. సీసం లేని పెట్రోల్ వచ్చాకే 1975 మోడల్ కార్లతో అమెరికాలో ఇది పెద్ద ఎత్తున రోడ్డెక్కింది. మన దేశంలో 1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలో కొత్త పెట్రోల్ కార్లకు తప్పనిసరి చేశారు, సీసం లేని పెట్రోల్ కూడా అక్కడే మొదలుపెట్టారు. చెన్నైలో కన్వర్టర్ ఉన్న కారు కొని, అన్‌లెడెడ్ దొరకని ఊరికి వెళ్లి ట్యాంక్ నింపించుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. హైదరాబాద్‌కు బీఎస్-4 ఇంధనం 2010లోనే వచ్చింది, దేశమంతా అందడానికి మాత్రం 2017 దాకా ఆగాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో పెట్రోల్‌లో సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు దిగింది. సల్ఫర్ కూడా కన్వర్టర్‌కు శత్రువే కాబట్టి దాని ఆయుష్షుకు ఇది మంచి వార్త.

మరి ఎన్నాళ్లు వస్తుంది?

బీఎస్-6 కార్ల ఉద్గార పరికరాలు 1,60,000 కిలోమీటర్ల దాకా ప్రమాణాల్లో ఉండాలన్న లెక్కతో కంపెనీలు పరీక్షలు పాస్ కావాలి. అమెరికాలో అయితే కన్వర్టర్‌కు 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, అంటే సుమారు 1,28,000 కిలోమీటర్ల వారంటీ చట్టంలోనే ఉంది. బండిని సరిగ్గా చూసుకుంటే పదేళ్లు, లక్షన్నర కిలోమీటర్లు దాటడం మామూలు విషయం. కన్వర్టర్ మార్చకుండానే కారును స్క్రాప్‌కు పంపేవాళ్లు బోలెడుమంది.

30 వేల కిలోమీటర్లకే పోయిందంటే మాత్రం దాన్ని వేరే ఏదో చంపినట్టే. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన పాయింట్. ఆ కారణం వెతక్కుండా కొత్తది వేయిస్తే, అది కూడా నెలల్లోనే పోతుంది.

కన్వర్టర్‌ను చంపేవి ఇవే

అన్నిటికంటే పెద్దది మిస్సింగ్. స్పార్క్ ప్లగ్ లేదా ఇగ్నిషన్ కాయిల్ సరిగ్గా పనిచేయక ఒక సిలిండర్ కొట్టకపోతే, ఆ సిలిండర్‌లోని పెట్రోల్ కాలకుండా నేరుగా కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య ఉండాల్సిన డబ్బా వెయ్యి డిగ్రీలు దాటేస్తుంది. ముందు లోహపు రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి పనిచేసే ఉపరితలం తగ్గిపోతుంది. ఇంకా వేడెక్కితే తేనెపట్టే కరిగి ముద్దవుతుంది, పొగ వెళ్లే దారి మూసుకుపోతుంది. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతూ ఆరుతూ ఉంటే అర్థం ఇదే.. కన్వర్టర్ పాడయ్యే స్థాయిలో మిస్సింగ్ జరుగుతోందని. ఆ టైమ్‌లో "ఊరెళ్లొచ్చాక చూద్దాంలే" అని 300 కిలోమీటర్లు నడిపితే, కొన్ని వందలతో పోయే ప్లగ్ రిపేరు కాస్తా వేలు దాటిపోతుంది.

రెండోది ఇంజిన్ ఆయిల్ తాగడం. పిస్టన్ రింగులు అరిగి, ఇంజిన్ బోరుకు వచ్చిన కారులో ఆయిల్ కాలుతుంది. ఇంజిన్‌ను అరుగుదల నుంచి కాపాడ్డానికి ఆయిల్‌లో కలిపే ఫాస్ఫరస్, జింక్ కన్వర్టర్ గోడల మీద గాజు పొరలా పేరుకుంటాయి. వేడి చేస్తేనో, కెమికల్ పోస్తేనో వదిలేది కాదది. సర్వీస్‌కూ సర్వీస్‌కూ మధ్య ఆయిల్ టాప్ అప్ చేయాల్సి వస్తోందంటే, పోతున్న ఆయిల్ కన్వర్టర్ మీదుగానే పోతోందని అర్థం. హెడ్ గ్యాస్కెట్ లీకై కూలెంట్ కాలినా అంతే, అందులోని సిలికేట్లు అదే పని చేస్తాయి. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్ వాడమని చెప్పడంలో అర్థం ఇదే. ఇక్కడ వంద రూపాయలు మిగుల్చుకోవడం దండగ.

తోసి స్టార్ట్ చేయడం.. బ్యాటరీ డౌన్ అయితే నలుగురూ కలిసి తోయడం మనకు అలవాటు. కన్వర్టర్ ఉన్న పెట్రోల్ కారును అలా చేయొద్దని చాలా మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. స్టార్ట్ కాని ప్రతి ప్రయత్నంలోనూ కాలని పెట్రోల్ లోపలికి వెళ్తుంది కాబట్టి. జంపర్ కేబుల్స్ మేలు.

ఇక మన రోడ్లు. ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌కు కింద తగిలితే డబ్బా సొట్టపడి లోపలి సిరామిక్ పగులుతుంది. వర్షాకాలంలో నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి కారు దిగితే, ఎర్రగా కాలిన డబ్బాను ఒక్కసారిగా చన్నీళ్లలో ముంచినట్టే. పగుళ్లు రావడానికి అదొక్కటి చాలు. ఆ తర్వాత వినిపించే గలగల చప్పుడు.. లోపల ముక్కలు దొర్లుతున్న చప్పుడు.

వేడి వల్ల ఇంకో ప్రమాదం ఉంది, పల్లెలకు వెళ్లేవాళ్లు దీన్ని చూసుకోవాలి. రోడ్ల మీద నూర్పిడికి పరిచిన గడ్డి, చొప్ప మీదుగా వెళ్తే కారు కింద చుట్టుకుంటాయి. కాలుతున్న కన్వర్టర్‌కు ఎండుగడ్డి ఆనితే అంటుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. ఎండుగడ్డి మీద కారు పార్క్ చేయొద్దని మాన్యువల్స్‌లో హెచ్చరిక ఉండేది ఇందుకే.

బైకుల సంగతి వేరు. బీఎస్-6 బైకుల్లో కన్వర్టర్ సైలెన్సర్ గొట్టంలోనే కలిసి ఉంటుంది. సౌండ్ కోసం సైలెన్సర్ మార్పించుకునే కుర్రాళ్లు తీసి పక్కన పడేసేది దాన్నే. ఆ సైలెన్సర్లను పోలీసులు రోడ్‌రోలర్‌తో తొక్కించే వీడియోలు చూసి అందరూ శబ్దం గురించే మాట్లాడతారు. పొగ సంగతి ఎవరికీ గుర్తుకురాదు. చట్టం ప్రకారం బండిని ఇలా మారిస్తే ఓనర్‌కు ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు.

డీజిల్ కారు ఉన్నవాళ్లకు

బీఎస్-6 డీజిల్‌లో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ కూడా ఉంటుంది. నిండిన మసిని అది దాదాపు 600 డిగ్రీల దగ్గర తనే కాల్చుకోవాలి. రోజూ స్కూలుకూ కూరగాయల మార్కెట్‌కూ మధ్య రెండేసి కిలోమీటర్లే తిరిగే కారుకు ఆ వేడి ఎప్పటికీ రాదు. డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైట్ వస్తే హైవే మీదో ఔటర్ రింగ్ రోడ్డు మీదో ఓ 20 నిమిషాలు స్పీడు తగ్గకుండా నడపాలి. లైట్‌ను పట్టించుకోకపోతే షోరూమ్‌కు తీసుకెళ్లి మెషిన్‌తో కాల్పించడమే, ఇంకా ఆలస్యమైతే ఫిల్టర్ మార్పిడే. ఏడాదికి తిరిగేది తక్కువైతే డీజిల్ కారు కొనకపోవడమే మంచిది.

పోయిందని ఎలా తెలుస్తుంది?

కుళ్లిన కోడిగుడ్డు వాసన, పికప్ పడిపోవడం, ఎంత తొక్కినా ఒక స్పీడు దాటకపోవడం, కింద నుంచి గలగల.. ఇవి బయటికి కనిపించేవి. కొత్త కార్లలో కన్వర్టర్ తర్వాత రెండో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. ముందు సెన్సర్, వెనక సెన్సర్ ఒకేలా ఊగుతుంటే మధ్యలోని డబ్బా ఏ పనీ చేయడం లేదని కంప్యూటర్‌కు అర్థమై చెక్ ఇంజిన్ లైట్ వేస్తుంది. స్కానర్ పెడితే పీ 0420 అనే కోడ్ వస్తుంది.

ఈ కోడ్ చూడగానే "కన్వర్టర్ మార్చాలి" అనేస్తే ఒక్క నిమిషం ఆగండి. ఆ కోడ్ చెప్పేది కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదనిపిస్తోందని మాత్రమే. సెన్సర్ ముసలిదైపోయినా, కన్వర్టర్‌కు ముందు గొట్టంలో లీకై బయటి గాలి లోపలికొచ్చినా ఇదే కోడ్ వస్తుంది. మిస్సింగ్ కోడ్‌లు ఏవైనా తోడున్నాయేమో చూడమనాలి. వెనక సెన్సర్ రీడింగ్ లైవ్‌లో చూపించమనాలి. లీక్, ప్లగ్‌లు, సెన్సర్, ఆ తర్వాతే కన్వర్టర్.. ఈ వరసలో వెళ్లే మెకానిక్ దొరికితే వదులుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంకో విషయం చూడాలి. చెడిపోయిన కన్వర్టర్‌కు వేలు పోయడం ఇష్టం లేక లోపలి తేనెపట్టును పగలగొట్టి ఖాళీ డబ్బాను మళ్లీ బిగించేవాళ్లున్నారు. పైకి చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటాయి. డబ్బా మీద కొత్త వెల్డింగ్ గీతలు, వేలితో తడితే బోలు శబ్దం, మామూలు కంటే గట్టిగా వచ్చే సైలెన్సర్ సౌండ్ దీనికి గుర్తులు. కోడ్ చెరిపేసి, బ్యాటరీ తీసి పెట్టి లైట్ రాకుండా చేసి అమ్మేయొచ్చు కూడా. కాబట్టి ఓ 50 కిలోమీటర్లయినా నడిపి, ఆ తర్వాత స్కానర్ పెట్టించాలి. డీల్ కుదరకముందే ఓనర్‌ను తీసుకుని పొల్యూషన్ టెస్టుకు వెళ్లి, పాస్ అనే మాట కాకుండా పేపర్ మీద అంకెలు చూడాలి. బీఎస్-4 కారుకు 0.02 రావడం వేరు, 0.28 రావడం వేరు. రెండూ పాసే.

దొంగల కన్ను కూడా దీని మీదే

2021 మార్చిలో రోడియం ధర ఔన్సుకు 29,000 డాలర్లు దాటింది. అప్పటి బంగారం ధరకు 15 రెట్లకు పైనే. దాంతో అమెరికాలో రాత్రిపూట కారు కింద దూరి రంపంతో కన్వర్టర్ కోసుకుపోయే ముఠాలు తయారయ్యాయి. 2019లో 3,389గా ఉన్న చోరీ క్లెయిములు 2020లో 14,433కు చేరాయని అక్కడి ఇన్సూరెన్స్ నేర విభాగం లెక్కలు చెబుతున్నాయి. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవాళ్లలో టొయోటా ప్రియస్ ఓనర్లు ఉన్నారు. హైబ్రిడ్ కారులో ఇంజిన్ తక్కువసేపు నడుస్తుంది కాబట్టి కన్వర్టర్‌లోని లోహం పెద్దగా పాడవకుండా ఉంటుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు టెస్ట్ పద్ధతి కూడా వేరే. కాలిఫోర్నియాలో రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ ఉంటుంది, ఎనిమిదేళ్ల లోపు పెట్రోల్ కార్లకు మినహాయింపు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేసినా, డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల సహా 17 కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ అలాగే ఉంది. అక్కడ కొత్త కార్లకు సైలెన్సర్‌లో పైపు పెట్టరు, కారు కంప్యూటర్‌కే వైరు తగిలించి అడుగుతారు. ముందురోజు కోడ్ చెరిపి వెళ్తే, కన్వర్టర్ పరీక్ష ఇంకా పూర్తి కాలేదని కంప్యూటరే చెప్పేస్తుంది. వెనక్కి పంపేస్తారు.

ఫెయిలైతే ఏం చేయాలి?

2021 జూన్‌లో కేంద్రం తెచ్చిన మార్పు ప్రకారం ఫెయిలైన బండికి కారణం, రీడింగ్ రాసిన రిజెక్షన్ స్లిప్ ఇవ్వాలి. దాన్ని అడిగి తీసుకోండి. మెకానిక్‌కు అది ఎక్స్‌రే లాంటిది. కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే ఎక్కువుంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందని, ఎయిర్ ఫిల్టర్, సెన్సర్ చూడాలని. హైడ్రోకార్బన్లు ఒక్కటే ఎక్కువుంటే ప్లగ్‌లు, మిస్సింగ్ చూడాలని. రెండూ కాస్త కాస్త ఎక్కువై లాంబ్డా మాత్రం సరిగ్గా 1 దగ్గరే ఉంటే, ఇంజిన్ తప్పు లేదు, అనుమానం కన్వర్టర్ మీదే.

చల్లగా ఉన్న కారుతో వెళ్లి ఫెయిలయ్యేవాళ్లు కూడా ఉంటారు. ఇంటి పక్కనే సెంటర్ ఉన్నా ఓ 15, 20 నిమిషాలు తిప్పి, ఇంజిన్ ఆపకుండా టెస్టుకు పెట్టండి. క్యూలో అరగంట నిలబడాల్సి వస్తే మళ్లీ ఒక రౌండు కొట్టి రండి.

ఒక్క హెచ్చరిక. కన్వర్టర్ కొత్తదైనా, రీడింగ్ సున్నా వచ్చినా, మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని కారులో పడుకోకూడదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఇంజిన్ సరిగ్గా కాల్చలేదు, లాంబ్డా లెక్క తప్పుతుంది, కన్వర్టర్ చేతులెత్తేస్తుంది.